మూడు కేకలు

పీలేరు నుంచి తిరుపతికి తొలి బస్సు.
ఒళ్లో టిఫిను డబ్బా,
తలలో నిన్న రాత్రి ల్యాబులో గీసిన గీత.
అది తిన్నగా రాలేదు.

మూడేళ్లుగా నాది ఒకటే పని.
జన్యువును తట్టిలేపే చిన్న డీఎన్ఏ ముక్క,
పుస్తకాల్లో ఎన్‌హాన్సర్, నా నోట్సులో 'కేక',
దాన్ని కత్తిరించి
అదే క్రోమోజోమ్ మీద ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ అతికించి
కణాలు ఎంత పచ్చగా వెలిగాయో లెక్కపెట్టడం.
దగ్గరైతే వెలుగు, దూరమైతే మసక.
ఇంతవరకూ ఎవరినడిగినా చెబుతారు.
కానీ తాకిడి సగమైతే వెలుగూ సగం కావాలి కదా,
కాదు.
కొంచెం జరిపితే చాలు, దబ్బున పడిపోతుంది.
ఇంకొంచెం జరిపితే పడడానికేమీ మిగలదు.

భాకరాపేట కనుమలో బస్సు ఆగింది.
చరియ జారి సగం రోడ్డే మిగిలింది.
పై మలుపులో జెండా పట్టుకుని దొరసామి,
కింది మలుపులో, నాకు కనబడని చోట, రెడ్డెమ్మ.
రోడ్డు వెంట నడిస్తే ఇద్దరి మధ్యా కిలోమీటరు పైనే.
కానీ రోడ్డు మడత పడింది.
ఇక్కడ దొరసామి చెప్పు జారితే
అక్కడ రెడ్డెమ్మ నెత్తిన పడుతుంది.

"అన్నోవ్, ఇడువు!"
డ్రైవరు ఖాదర్‌వలీ కదల్లేదు.
"ఇడువన్నా!"
గేరు మీద చెయ్యి వేశాడు, అంతే.
"ఇడువ్ ఇడువ్!"
అప్పుడు మేము కదిలాం.

ఒక్క కేకకే ఎందుకు పోలేదన్నాను.
"ఒగ దినం అట్నే పోతే ఎదురుగా ఇసక టిప్పరమ్మా.
అప్పట్నుంచి మూడు వరసగా ఇనబడాల.
ముందర గురవయ్య కొడుకు అరిచేవోడు,
పాపం సన్నగొంతు.
ఈ గోడ కట్టినాక వాని మాట పైకి రాలే.
రెడ్డెమ్మది మేకలు తోలిన గొంతు,
గోడ ఉన్నా ఒగటే, లేకున్నా ఒగటే."

టికెట్టు వెనక పెన్నుతో రాశాను.
పిల్లోడి కేకలు పదిలో ఐదు వినబడతాయనుకో,
మూడు వరసగా వినబడేది ఎనిమిదింట ఒకసారి.
గోడ లేచి పదిలో రెండే అయితే
నూట ఇరవై ఐదింట ఒకసారి.
రెడ్డెమ్మవి తొమ్మిది వినబడేవి, గోడ వచ్చాక ఎనిమిది.
బస్సులకు పెద్ద తేడా తెలియదు.

మలుపు తిరుగుతుంటే టికెట్టు చేతిలో వణికింది.
నా గీత వంగింది అక్కడే.
ఒక్క తాకిడికి జన్యువు లేవదు,
వెంట వెంటనే కొన్ని తట్టాలి.
అడ్డంగా ఒక సరిహద్దు పెడితే
బలహీనమైన కేక మూగబోతుంది,
బలమైనది పట్టించుకోదు.

అయినా ఈ పోలిక పూర్తిగా అతకదు.
కొండ కదలదు. రోడ్డు ఒకసారి వేస్తే వేసినట్టే.
నా క్రోమోజోమ్ క్షణం కుదురుగా ఉండదు,
బుట్టలో వేసిన కొండచిలువలా
మడతలు విప్పుకుంటూ, మళ్లీ చుట్టుకుంటూ.
అక్కడ దొరసామీ రెడ్డెమ్మా రాసుకుపోయేది రెప్పపాటే.
ఆ రెప్పపాట్లు ఎన్నన్నదే లెక్క.
మా సారు ఇది ఒప్పుకోడు,
ఇంకో ఆరు నెలల ప్రయోగాలు చెబుతాడు.
చెప్పనీ.

కింది మలుపులో బస్సు నెమ్మదించింది.
తలకు తువ్వాలు, చేతిలో నీళ్ల సీసా,
నేననుకున్న దానికన్నా చాలా చిన్న మనిషి.
కిటికీలోంచి అరిచాను,
"గొంతు బొంగురుపోతే ఏం చేస్తావక్కా?"

నీళ్లు మింగి, గోడ వైపు చూపించింది.
"ఏముండాది?
ఆ దినం గోడెక్కి నిలబడతా."